ఉప్పెన, హెచ్చరిక, మానవ ప్రయత్నం: బంగాళ డెల్టా ప్రజల అనుభవం

1970 నవంబరు 12వ తేదీ. హిజ్రీ 1390 రమజాను మాసం సగానికి వస్తున్నది. ఆనాడు తూర్పు పాకిస్తాను అనబడిన నేటి బంగ్లాదేశ్ దక్షిణ తీరంలో, మేఘనా నది సముద్రంలో కలిసేచోట ఉన్న దీవుల్లో వరి పంట కోతకు వచ్చి ఉన్నది. ఆ రాత్రి వచ్చిన తుపాను వెంట ఇరవై అడుగులకు పైగా ఎత్తున సముద్రం లేచి భోలా, హతియా, మన్‌పురా మొదలైన దీవులను ముంచివేసింది. ఎంతమంది మరణించారో ఎవరూ కచ్చితంగా లెక్కపెట్టలేకపోయారు. ఇంటింటి సర్వే ఆధారంగా వేసిన కనీసపు లెక్కయే 2 లక్షల 20 వేలు దాటింది. సాధారణంగా చెప్పబడే సంఖ్య 3 నుండి 5 లక్షల వరకు ఉన్నది. చరిత్రలో నమోదైన తుపానులలో ఇంతటి ప్రాణనష్టం కలిగించినది మరొకటి లేదు.

ఇంతటి విపత్తు తరువాత మొదట వినబడే మాట, పాపం ఆ ప్రజలకు తుపాను వస్తున్నట్లు తెలియదు అనేది. కాని జరిగినది అది కాదు. బ్రతికి బయటపడినవారిని విచారించినప్పుడు తేలిన విషయం వేరు. ఆ ప్రాంతంలో నూటికి 90 మందికి తుపాను వస్తున్నదని ముందే తెలుసు. కాని గట్టి కట్టడాలలో తలదాచుకొన్నవారు నూటికి ఒక్కరు మాత్రమే. 90కీ ఒకటికీ మధ్య ఉన్న ఈ దూరం ఎలా ఏర్పడింది? ఆ తరువాతి యాభై ఏళ్ళలో అది ఎలా తగ్గింది? ఇంకా ఎక్కడ మిగిలి ఉన్నది? ఈ ప్రశ్నలకు సమాధానం వెదికితే ప్రకృతి వైపరీత్యం అనే మాటలో ప్రకృతి పాలు ఎంతో, మానవుల పాలు ఎంతో తెలిసివస్తుంది.

నేల, నీరు, జనం

ప్రపంచంలో పుట్టే తుపానులన్నింటిలో పదోవంతు కూడా బంగాళాఖాతంలో పుట్టవు. అయినా తుపానుల వల్ల అత్యధికంగా ప్రాణాలు పోయినది ఈ సముద్రపు ఒడ్డుననే. దీనికి కారణం ముందుగా భూస్వరూపంలోనే ఉన్నది.

బంగాళాఖాతం దక్షిణాన వెడల్పుగా ఉండి ఉత్తరానికి పోయేకొద్దీ ఇరుకవుతుంది. గరాటాలో పోసిన నీరు ఎలా ఒక్కచోటికి చేరుతుందో, తుపాను గాలి నెట్టుకొని వచ్చే నీరు అలాగే ఉత్తరపు మూలకు చేరుతుంది. అక్కడ సముద్రపు అడుగు చాలా దూరం వరకు లోతు తక్కువ. లోతైన సముద్రంలో గాలి నెట్టిన నీరు అడుగున వెనక్కు మళ్ళగలదు. లోతు లేనిచోట దానికి దారి లేదు కాబట్టి పైకి లేస్తుంది. దీనినే మనవారు ఉప్పెన అన్నారు. ఇది అల కాదు. అల వచ్చి పోతుంది. ఉప్పెనలో సముద్రమే మట్టం పెంచుకొని నేలమీదికి నడిచివస్తుంది. పౌర్ణమికో అమావాస్యకో వచ్చే పెద్ద పోటు సమయంలోనే తుపాను తీరం దాటితే రెండు ఎత్తులూ కలుస్తాయి. 1970లో జరిగినది ఇదే. అది పౌర్ణమికి ముందటి రాత్రి.

ఇక నేల సంగతి. గంగ, బ్రహ్మపుత్ర, మేఘనా నదులు హిమాలయాల నుండి తెచ్చిన ఒండ్రుతో ఏర్పడిన భూమి ఇది. చాలా చోట్ల సముద్రమట్టానికి కొద్ది అడుగుల ఎత్తున మాత్రమే ఉంటుంది. నదీముఖంలో ఒండ్రు పేరుకొని కొత్త దీవులు లేస్తాయి. వీటిని బంగాళీలు ‘చర్’ అంటారు. గోదావరి, కృష్ణా తీరవాసులు లంక అన్నది ఇటువంటి నేలనే. ఒక ఒడ్డున నది ఊరిని కోసివేస్తే, మరొకచోట కొత్త లంక లేస్తుంది. ఇల్లూ పొలమూ నదిపాలైన కుటుంబం ఆ కొత్త లంకకు పోయి గుడిసె వేసుకొంటుంది. నేల సారవంతమైనదే. కాని అది సముద్రానికి అందరికంటె దగ్గరగా, అందరికంటె పల్లంగా ఉన్న నేల. కాబట్టి ఉప్పెన ఎవరిని మొదట తాకుతుందన్నది సముద్రం ఒక్కటే నిర్ణయించిన విషయం కాదు. భూమి లేనివారికి మరెక్కడా చోటు దొరకకపోవడం కూడా దానిని నిర్ణయించింది.

తెలిసీ ఎందుకు కదలలేదు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. నూటికి 90 మందికి తెలిసి కూడా ఎందుకు కదలలేదు?

మొదటి కారణం, హెచ్చరిక వారి భాషలో లేదు. ప్రమాద సూచికలను అంకెలతో చెప్పే పద్ధతి ఓడరేవుల్లో ఓడలను కాపాడటానికి ఏర్పడినది. ఫలానా నంబరు సూచిక ఎగురవేయబడినదంటే ఓడ కప్తానుకు అర్థమవుతుంది. లంకలో వరి కోసుకొనే రైతుకు ఆ అంకె తన ఇంటిలోకి ఎంత నీరు వస్తుందో చెప్పదు. ‘తుపాను వస్తున్నది’ అనే వార్త అతనికి చేరింది. ‘సముద్రం నీ ఇంటి కప్పును దాటుతుంది’ అనే వార్త చేరలేదు.

రెండవ కారణం, మూడు వారాల క్రితం జరిగిన సంగతి. అదే సంవత్సరం అక్టోబరులో మరొక తుపాను వచ్చింది. తీవ్రమైన హెచ్చరికలు చేశారు. కాని భయపడినంత నష్టం జరగలేదు. ఒకసారి భయపెట్టి తప్పిపోయిన హెచ్చరికను రెండవసారి జనం తేలికగా తీసుకొంటారు. ఇది అజ్ఞానం కాదు. రోజుకూలితో బ్రతికే మనిషి ఒక దినం పని మానుకొని పోవడమంటే ఒక దినం భోజనం మానుకోవడమే. అటువంటివాడు గత అనుభవాన్ని లెక్కలోకి తీసుకొనడం సహజం.

మూడవ కారణం అన్నింటికంటె ముఖ్యమైనది. పోవడానికి చోటు లేదు. దీవిలో ఉన్నవి వెదురు తడికల గోడలు, గడ్డి కప్పులు. గట్టి మేడలు అక్కడొకటి ఇక్కడొకటి మాత్రమే. నమ్మి బయలుదేరిన మనిషి కూడా ఎక్కడికి పోవాలి? పడవ ఎక్కితే నదిలో మునుగుతాడు. కాలినడకన పోతే దీవి అంచుకు చేరుతాడు. పైగా అది కోతల కాలం. బయటి జిల్లాల నుండి వేలాది కూలీలు వచ్చి పొలాల దగ్గరే పడుకొని ఉన్నారు. వారిలో చాలామంది ఏ గ్రామపు లెక్కలోనూ లేరు. మృతుల లెక్కకూ వారు సరిగా అందలేదు.

ఢాకాలోని కలరా పరిశోధనాలయానికి చెందిన వైద్యులు ఆల్‌ఫ్రెడ్ సామర్, వైలీ మోస్లీ నాయకత్వాన తుపాను తరువాత ఇంటింటి సర్వే జరిగింది. 1972లో ప్రకటితమైన ఆ నివేదికలో రెండు విషయాలు మనసును కలచివేస్తాయి. బ్రతికినవారి శరీరాలమీద ఒకే విధమైన గాయాలు కనిపించాయి. ఛాతీమీద, చేతుల లోపలివైపున, తొడలమీద చర్మం లేచిపోయి ఉన్నది. రాత్రంతా చెట్టును వాటేసుకొని నీటి ఒరిపిడిని తట్టుకొన్నవారి గాయాలు అవి. రెండవది, మరణాలు అందరికీ సమానంగా రాలేదు. పసిపిల్లలు, వృద్ధులు, స్త్రీలు ఎక్కువగా పోయారు. చెట్టును పట్టుకొని నిలిచే బలం ఎవరి చేతులలో ఉన్నదో వారే ఎక్కువగా మిగిలారు.

సహాయం అందడంలో జరిగిన ఆలస్యం ప్రజలలో తీవ్రమైన ఆగ్రహాన్ని రగిల్చింది. మౌలానా అబ్దుల్ హమీద్ ఖాన్ భాషానీ వంటి నాయకులు ఆ దీవులు చూచివచ్చి ఢాకాలో ప్రభుత్వాన్ని నిలదీశారు. డిసెంబరులో సాధారణ ఎన్నికలు జరిగాయి. తుపాను తాకిన నియోజకవర్గాలలో మాత్రం అవి 1971 జనవరికి వాయిదాపడ్డాయి. ఆ సంవత్సరమే బంగ్లాదేశ్ అవతరించింది. దాని అవతరణకు కారణాలు అనేకం. అయితే ఆపదలో తమను పట్టించుకొనేవారు లేరన్న భావం ఆ నవంబరు రాత్రి తరువాత లక్షలాది మందిలో స్థిరపడిపోయిందనడంలో సందేహం లేదు.

విధి, ప్రయత్నం

తీరప్రాంత ప్రజలు కదలకపోవడానికి వారి విధివిశ్వాసమే కారణమని చెప్పినవారు ఉన్నారు. ‘అల్లాహ్ రాసినది జరుగుతుంది’ అని ఇంట్లోనే కూర్చున్నారన్నది వీరి వాదం. తుపాను తరువాత జరిగిన విచారణలలో ఇటువంటి మాటలు వినిపించిన మాట నిజమే. కాని పోవడానికి చోటు లేనివానికి దేవుణ్ణి తలచుకోవడం తప్ప మరేమి మిగులుతుంది? గట్టి కట్టడం దగ్గరలో ఉన్న కాలంలో ఆ ప్రజలే, ఆ విశ్వాసంతోనే, లక్షల సంఖ్యలో కదిలారన్నది తరువాతి చరిత్ర చెబుతున్నది. కాబట్టి విశ్వాసాన్ని తప్పుపట్టడం తొందరపాటు.

ఈ సందర్భంలో ఇస్లామీయ చరిత్రలోని ఒక సంఘటన గుర్తుకు రావడం సహజం. రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు బయలుదేరి సర్గ్ అనే చోటికి చేరినప్పుడు, ముందున్న ప్రాంతంలో ప్లేగు వ్యాపించినట్లు తెలిసింది. సహచరులను సంప్రదించి ఆయన వెనుకకు మరలడానికి నిశ్చయించారు. సేనాని హజ్రత్ అబూ ఉబైదా (రజి) దానిని ఆక్షేపించి, ఇది దైవనిర్ణయం నుండి పారిపోవడం కాదా అని అడిగారు. ఒక దైవనిర్ణయం నుండి మరొక దైవనిర్ణయం వైపుకే పోతున్నామన్నది ఉమర్ (రజి) సమాధానపు సారాంశం. పచ్చిక ఉన్న వాలులో ఒంటెలను మేపినా, ఎండిన వాలులో మేపినా రెండూ విధికి లోబడినవే కదా అని ఆయన ఉదాహరణ ఇచ్చారు. అనగా విధి మీది విశ్వాసం దారి ఎంచుకొనే బాధ్యతను తీసివేయదు. అయితే ఎంచుకోవడానికి రెండు దారులు ఉండాలి. 1970లో లంకవాసులకు ఒక్క వాలే ఉన్నది. రెండవ వాలును నిర్మించవలసినది ప్రభుత్వమూ సమాజమూ.

మూడు జెండాలు

కొత్త దేశం ఏర్పడిన తరువాత, 1972లో, రెడ్ క్రాస్ సంస్థ పూనికతో తుపాను సన్నద్ధతా కార్యక్రమం మొదలయింది. మరుసటి సంవత్సరం ప్రభుత్వం కూడా అందులో చేరింది. దీని వెనుక ఉన్న ఆలోచన చాలా సాదా అయినది. ఢాకాలోని వాతావరణ కార్యాలయానికీ దీవిలోని గుడిసెకూ మధ్య ఉన్న చివరి రెండు మైళ్ళను యంత్రాలు దాటలేవు. వాటిని మనిషే దాటాలి.

ఊరికి కొందరు చొప్పున ఆ ఊరివారినే స్వచ్ఛంద సేవకులుగా ఎన్నుకొన్నారు. వారికి జీతం లేదు. ఇచ్చినవి ఒక రేడియో, ఒక చేతి సైరను, ఒక మెగాఫోను, చేతిదీపం, జెండాలు. వారిలోనే కొందరు హెచ్చరికకు, కొందరు జనాన్ని ఆశ్రయాలకు చేర్చడానికి, కొందరు రక్షణకు, కొందరు ప్రథమ చికిత్సకు బాధ్యులు. ప్రమాదం కొద్దిగా ఉన్నప్పుడు ఒక జెండా, పెరిగినప్పుడు రెండు, మహాప్రమాదమైతే మూడు ఎగురవేస్తారు. చదువురానివారు కూడా దూరం నుండి లెక్కపెట్టగలరు. ఓడల కోసం పుట్టిన అంకె ఈ విధంగా పల్లెవారి కంటికి అర్థమయ్యే గుర్తుగా మారింది. మస్జిదుల మైకులు కూడా ఈ పనిలో తోడయ్యాయి. అజాను వినబడేంత దూరం హెచ్చరిక కూడా వినబడుతుంది. పైగా ఆ గొంతు ఊరివారికి రోజూ తెలిసిన గొంతు.

ఈ పద్ధతిలోని అసలు బలం పరికరాలలో లేదు. రేడియోలో వినబడే మాటను తేలికగా తీసుకొనే రైతు, పక్కింటి అబ్బాయి వానలో తడుస్తూ వచ్చి తలుపు తట్టినప్పుడు అంత తేలికగా తీసుకోలేడు. ఆ అబ్బాయి తన తల్లిని ఆశ్రయానికి పంపివేసి వచ్చాడన్న సంగతి అందరికీ తెలుసు.

1991: తేలిన సత్యం

అయితే ఒక లోపం మిగిలిపోయింది. హెచ్చరించే మనుషులు తయారయ్యారు గాని పోవడానికి చోట్లు చాలినన్ని తయారు కాలేదు. 1991 ఏప్రిల్ 29 రాత్రి చిట్టగాంగ్ తీరాన్ని గంటకు 200 కిలోమీటర్లు మించిన గాలులతో తుపాను తాకింది. సంద్వీప్, కుతుబ్‌దియా దీవులు, బాన్స్‌ఖాలీ ప్రాంతం ఇరవై అడుగుల నీటిలో మునిగాయి. దాదాపు 1 లక్షా 38 వేల మంది మరణించారు.

ఆ తరువాత జరిగిన ఒక వైద్య సర్వే ఇటుక గోడల విలువను లెక్కలతో చూపించింది. సర్వే చేసిన ప్రాంతంలో ఇటుక లేక కాంక్రీటు కట్టడానికి చేరినవారిలో ఒక్కరు కూడా చనిపోలేదు. చేరనివారిలో నూటికి దాదాపు 22 మంది చనిపోయారు. జీవితానికీ మరణానికీ మధ్య తేడా ఇంత స్పష్టంగా కనబడే లెక్కలు అరుదు.

మరొక లెక్క ఇంకా బాధాకరమైనది. 20 నుండి 44 ఏళ్ళ వయసువారిలో వెయ్యిమంది పురుషులకు 15 మంది మరణించగా, వెయ్యిమంది స్త్రీలకు 71 మంది మరణించారు. ఉప్పెనకు ఆడ మగ తేడా తెలియదు. తేడా నేలమీద ఉన్నది. పురుషుడు బజారులోనో పొలంలోనో ఉండి వార్త ముందుగా వింటాడు. ఇంట్లో ఉన్న స్త్రీకి అది ఆలస్యంగా చేరుతుంది. భర్త ఇంట లేనప్పుడు ఇల్లు విడిచిపోవడానికి ఆమె వెనుకాడుతుంది. ఆమె బయలుదేరితే చంకలో ఒక బిడ్డ, చేతిలో ఒక బిడ్డ, వెనుక ముసలి అత్తగారు ఉంటారు. నీళ్ళలో చీర కాళ్ళకు చుట్టుకొంటుంది. ఈత నేర్చుకొనే అవకాశం ఆమెకు చిన్ననాడు కలగలేదు. ఇక ఆశ్రయ భవనం చేరితే అక్కడ ఒకే గది. వందలాది పరాయి పురుషుల మధ్య నిలబడాలి. స్త్రీలకు వేరే మరుగుదొడ్డి కూడా లేదు. ఆ అవమానాన్ని తప్పించుకోవడానికి చివరి క్షణం దాకా ఇంట్లోనే ఉన్నవారు ఎందరో.

దీనికి పరదాను నిందించి ఊరుకొన్నవారున్నారు. కాని ఆశ్రయం కట్టినవారు సగం జనాభా మర్యాదను మరచి కట్టారని అనడం న్యాయం. మర్యాదకూ ప్రాణానికీ మధ్య ఎన్నుకొమ్మని ఏ స్త్రీనీ బలవంతపెట్టకూడదు. రెండూ దక్కే ఏర్పాటు చేయడం సాధ్యమేనని తరువాతి కాలం నిరూపించింది.

మార్పు, దాని ఫలితం

1991 తరువాత ఆశ్రయాల నిర్మాణం వేగం పుంజుకొన్నది. స్తంభాలమీద ఎత్తుగా లేపిన ఈ భవనాల్లో చాలావరకు మామూలు రోజులలో పాఠశాలలుగా నడుస్తాయి. అందువల్ల అవి తాళం పడి శిథిలం కావు. ఊరిలోని ప్రతి బిడ్డకూ దారి తెలిసి ఉంటుంది. కొత్తగా కట్టిన వాటిలో స్త్రీలకు వేరే గదులు, వేరే మరుగుదొడ్లు ఏర్పాటు చేయసాగారు. పశువులను వదలి రాలేక ప్రాణాలు పోగొట్టుకొన్నవారు ఎందరో ఉన్నందున పశువులకు మట్టిదిబ్బలు, దిగువ అంతస్తులు కల్పించారు. పేదవాని ఆవు అతని బ్యాంకు అన్న సత్యం గుర్తించబడింది. స్వచ్ఛంద సేవకులలోకి స్త్రీలను పెద్ద సంఖ్యలో తీసుకొన్నారు. ఈనాడు 76 వేలు ఉన్న ఆ సేవకులలో సగం మంది స్త్రీలే. ఇంటి లోపలికి పోయి తల్లితో, కోడలితో మాట్లాడగలిగేది స్త్రీయే కదా!

ఫలితం కళ్ళ ఎదుట ఉన్నది. 2007 నవంబరు 15న సిద్ర్ తుపాను 1991 నాటి తుపానుతో పోల్చదగిన గాలులతో నైరుతి తీరాన్ని తాకింది. బర్గునా, బాగేర్‌హాట్, పటువాఖాలీ జిల్లాలు దెబ్బతిన్నాయి. మృతులు దాదాపు 3,400. తీరం దాటిన చోటు వేరు, సుందర్బన్ అడవులు కొంత గాలినీ నీటినీ ఆపిన మాట కూడా నిజమే. కాబట్టి రెండు సంఖ్యలనూ పక్కపక్కన పెట్టి అంతా మానవ ప్రయత్నమే అనరాదు. అయినా లక్ష నుండి వేలకు దిగిన తేడా కేవలం అదృష్టం కాదు. ఆ తరువాత ఆరు నెలలకే, 2008 మే నెలలో, అదే బంగాళాఖాతపు తూర్పు ఒడ్డున బర్మాలోని ఇరావతి డెల్టాను నర్గీస్ తుపాను తాకింది. తుపాను వస్తున్నదని భారత వాతావరణ శాఖ ముందుగానే తెలియజేసింది. కాని ఆ వార్తను గుడిసె దాకా మోసుకొనిపోయే మనుషులు, పోయి నిలిచే కట్టడాలు అక్కడ లేవు. చనిపోయినవారూ గల్లంతైనవారూ కలిసి 1 లక్షా 38 వేలు.

2020 మే 20న ఆంఫన్ తుపాను పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్ తీరాలను తాకింది. అది కూడా రమజాను మాసమే, చివరి పది దినాలు. పైగా కోవిడ్ వ్యాధి వ్యాపించి, మనుషులు ఒకచోట గుమికూడటమే ప్రమాదమైన కాలం. బంగ్లాదేశ్‌లో 24 లక్షల మందిని, దూరం దూరంగా ఉంచడానికి మామూలు కంటె ఎక్కువ భవనాలను తెరచి, ఆశ్రయాలకు చేర్చారు. ఆ దేశంలో మృతులు ముప్పైకి లోపే. పశ్చిమ బెంగాల్‌లో 80 మందికి పైగా చనిపోయారు. 1970 రమజానుకూ 2020 రమజానుకూ మధ్య సముద్రం మారలేదు. ఉపవాసమున్న ప్రజలూ మారలేదు. వారికి రెండవ దారి ఏర్పడింది.

దివిసీమ చెప్పిన పాఠం

తెలుగు పాఠకులకు ఈ కథ పరాయిది కాదు. 1977 నవంబరు 19న కృష్ణా నది సముద్రంలో కలిసే దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు దాదాపు పదివేల మంది మరణించారు. అదే బంగాళాఖాతం, అదే నవంబరు మాసం, అటువంటిదే పల్లపు డెల్టా నేల, అటువంటివే తాటాకు కప్పులు. అక్కడా మత్స్యకారులు, కూలీలు, స్త్రీలు, పిల్లలే ఎక్కువగా బలయ్యారు. ఆ దెబ్బతో కోస్తా పొడుగునా తుపాను ఆశ్రయాలు లేచాయి. 1990 మే నెలలో మరొక తీవ్రమైన తుపాను అదే కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. అప్పటికి ఆరు లక్షలకు పైగా ప్రజలను ముందుగా తరలించగలిగారు. మృతులు వెయ్యికి లోపే. వెయ్యి కూడా చిన్న సంఖ్య కాదు. కాని ఒకే నేలమీద పదమూడేళ్ళలో వచ్చిన ఈ తేడా బంగాళ డెల్టా చెప్పిన పాఠాన్నే మరొకసారి చెబుతున్నది.

ప్రాణం దక్కింది, నేల దక్కలేదు

ఇంతటితో కథ సుఖాంతమని భావించరాదు. ప్రాణాలు కాపాడటం నేర్చుకొన్న తరువాత మరొక ప్రశ్న ఎదురయింది. ఆశ్రయం నుండి దిగివచ్చిన కుటుంబం ఎక్కడికి పోవాలి?

1960వ దశకం నుండి ఆ తీరంలో నదుల వెంట మట్టికట్టలు పోసి, వాటి మధ్య భూమిని ‘పోల్డర్లు’ అనే పేరుతో సాగుకు తెచ్చారు. ఉప్పునీరు లోపలికి రాకుండా ఆగింది. పంటలు పెరిగాయి. కాని ఉప్పునీటితోపాటు ఒండ్రు కూడా బయటే ఆగిపోయింది. ఏటా కొత్త మట్టి పడక కట్టల లోపలి నేల కుంగిపోసాగింది. పక్కనే ఉన్న సుందర్బన్ అడవి నేలకంటె కొన్ని పోల్డర్ల లోపలి నేల మూడడుగులకు పైగా దిగిపోయింది. బయట నదుల అడుగు మాత్రం పూడి పైకి లేచింది. అనగా కట్ట కాపాడుతున్నకొద్దీ, అది తెగినప్పటి ప్రమాదం పెరుగుతూ వచ్చింది.

2009 మే 25న ఐలా తుపాను ఖుల్నా, సాత్‌ఖీరా జిల్లాలను తాకింది. గాలి బలంలో అది సిద్ర్ కంటె చాలా చిన్నది. బంగ్లాదేశ్‌లో మృతులు రెండు వందలకు లోపే. కాని కట్టలు అనేకచోట్ల తెగాయి. గుంటలా మారిన నేలలోకి వచ్చిన ఉప్పునీరు తిరిగి పోలేదు. పోటుకు వచ్చి, పాటుకు కొంత తగ్గి, మళ్ళీ వచ్చింది. కొన్ని పోల్డర్లలో గండ్లు పూడ్చడానికి రెండేళ్ళు పట్టింది. అంతకాలం వేలాది కుటుంబాలు కట్టలమీదనే గుడిసెలు వేసుకొని బ్రతికాయి. చెరువులు ఉప్పుబారాయి. తాగేనీటి కోసం స్త్రీలు మైళ్ళు నడిచారు. వరి పండని రైతులు పనికోసం పట్టణాలకు వలసపోయారు. మృతుల పట్టికలో వీరెవరూ లేరు. 2024 మే నెలలో రేమాల్ తుపాను వచ్చినప్పుడు కూడా కట్టలు తెగి ఊళ్ళలోకి ఉప్పునీరు చేరింది. భూగోళం వేడెక్కి సముద్రమట్టం పెరుగుతున్న ఈ కాలంలో ఇది ఇక అరుదుగా వచ్చే కష్టం కాదు.

ఇక్కడ కూడా స్థానిక ప్రజల తెలివి నిపుణులకు దారి చూపింది. జెస్సోర్, ఖుల్నా ప్రాంతాలలో పల్లపు పొలాలు నీట మునిగి ఏళ్ళ తరబడి పండనప్పుడు, 1990వ దశకంలో రైతులు తామే కట్టకు గండి కొట్టారు. పోటునీరు వచ్చి ఒండ్రును పొలంలో వదలిపోయింది. నేల లేచింది. నది అడుగు కూడా లోతయింది. కట్టలు లేని కాలంలో వారి పెద్దలు సంవత్సరంలో కొన్ని నెలలే చిన్నకట్టలు వేసి, మిగతా నెలలలో నదిని రానిచ్చిన పద్ధతికి ఇది కొత్త రూపం. మొదట చట్టవిరుద్ధమనిపించిన ఈ పనిని తరువాత ప్రభుత్వ ఇంజనీర్లు కూడా ఒక విధానంగా స్వీకరించారు. అయితే నేల లేచేవరకు ఆ పొలం యజమాని పంట లేకుండా కొన్ని సంవత్సరాలు గడపాలి. అందరి మేలు కోసం అతడు పోగొట్టుకొన్నదానికి పరిహారం ఎవరు ఇస్తారన్న విషయంలో తగాదాలు తెగలేదు.

గడప దాకా

బంగాళ డెల్టా అనుభవాన్ని ఒక్క మాటలో చెప్పాలంటే, తెలియడం వేరు, తప్పించుకోగలగడం వేరు. 1970లో ఆకాశంలోని ఉపగ్రహం కూడా ఆ తుపానును చూచింది. కాని ఆ చూపు మన్‌పురాలోని తల్లికి పనికిరాలేదు. ఆమెకు కావలసినవి మూడు. ఆమెకు అర్థమయ్యే మాట. ఆమె నమ్మే మనిషి. ఆమె బిడ్డలతో, ఆవుతో, మర్యాదతో పోయి నిలువగల చోటు. ఈ మూడింటిలో ఏది లోపించినా మిగతా రెండూ వ్యర్థం. మూడూ కుదిరినచోట లక్షలలో ఉన్న మరణాలు పదులకు దిగాయి.

నాలుగవది ఒకటి ఇప్పుడు కావలసివచ్చింది. తుపాను వెళ్ళిపోయిన తరువాత ఆమె తిరిగివచ్చి బ్రతుకగల నేల అది. దానిని కాపాడటానికి ఒక రాత్రి తలుపు తట్టితే చాలదు. ఏళ్ళ తరబడి కట్టను చూచుకోవాలి, ఒండ్రును రానివ్వాలి, నష్టపోయినవానికి పరిహారమివ్వాలి. మొదటి మూడింటిని సాధించడానికి ఆ దేశానికి యాభై ఏళ్ళు, లక్షలాది ప్రాణాలు పట్టాయి. కుంగుతున్న నేల, పెరుగుతున్న సముద్రం నాలుగవదానికి అంత గడువు ఇచ్చేలా లేవు.